ఎవరి కింద పని?

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో షిఫ్టుకు వెళ్లే కార్మికుణ్ణి ఎక్కడ పని అని అడిగితే ఫ్యాక్టరీ పేరు చెబుతాడు. ఎవరి కింద అని అడిగితే, చాలాసార్లు కాంట్రాక్టరు పేరో మేస్త్రీ పేరో చెబుతాడు. ఆ రెండు పేర్లకు మధ్య ఎంత దూరం ఉందో దాన్నిబట్టే అతని ఆరోగ్యం చాలావరకు తేలిపోతుందన్నది నా వాదన. పని చోట ఆరోగ్యం అనగానే మనకు హెల్మెట్, బూట్లు, మాస్కు, గోడ మీద భద్రత గురించి రాసిన బోర్డు గుర్తొస్తాయి. అవన్నీ కావాల్సినవే. అయితే ఆ హెల్మెట్ ఎవరు కొనాలి? కొలిమి దగ్గర తేడాగా అనిపిస్తే పని ఆపమని ఎవరు చెప్పగలరు? చెప్పినవాడికి మర్నాడు గేటు పాసు ఉంటుందా? పదేళ్లు పోయాక చేతులు వణకడం మొదలైతే, అతను ఇక్కడ పనిచేశాడని చెప్పే కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? వీటికి జవాబులు సామాను గదిలో దొరకవు. సంస్థను ఏ తీరున కట్టారు, మనుషుల్ని ఏ పద్ధతిన పెట్టుకున్నారు అన్న చోట దొరుకుతాయి.

బయటివాళ్లకు బొబ్బిలి అంటే కోట, వీణ. ఇక్కడివాళ్లకు జూట్ మిల్లు, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ వేసిన గ్రోత్ సెంటర్, అందులోని ఫెర్రో అల్లాయిస్ కొలుములు కూడా. గోగునార పండే నేల కాబట్టి నెల్లిమర్ల, విజయనగరం, బొబ్బిలి, రాజాం, సాలూరు ప్రాంతాల్లో జూట్ మిల్లులు వచ్చాయి. ఖనిజం, రేవు అందుబాటులో ఉన్నాయి కాబట్టి గరివిడి నుంచి బొబ్బిలి దాకా ఫెర్రో మాంగనీస్, సిలికో మాంగనీస్, ఫెర్రో క్రోమ్ తయారీ వచ్చింది. ఈ రెండు పరిశ్రమలూ మనిషిని నెమ్మదిగా దెబ్బతీసేవే. నార విడదీసే చోట దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు దగ్గు, ఆయాసం వస్తాయి. మగ్గాల షెడ్డులో ఆ మోత రోజూ వింటూ ఉంటే చెవుడు వస్తుంది, అలా వచ్చిన చెవుడు తిరిగి పోదు. మాంగనీస్ పొగ ఊపిరితిత్తుల గుండా వెళ్లి నరాల వ్యవస్థను పట్టుకుంటుంది. నడక తడబడుతుంది, మాట నెమ్మదిస్తుంది, చేతులు వణుకుతాయి. మాంగనీస్ ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల్లో ఈ లక్షణాలను గ్లాస్గో వైద్యుడు జాన్ కూపర్ 1837లోనే నమోదు చేశాడు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా మాంగనీస్ విషప్రభావాన్ని, మోత వల్ల వచ్చే వినికిడి లోపాన్ని ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో చేర్చింది. వైద్యం ఈ సంగతి కనిపెట్టి రెండు వందల ఏళ్లు కావస్తోంది. తెలియకపోవడం సమస్య కానే కాదు.

సమస్య లెక్కలో ఉంది. పర్మినెంటు కార్మికుడికి ఒకే చోట ఇరవై, ముప్పై ఏళ్ల సర్వీసు రికార్డు ఉంటుంది. చేరినప్పుడు వినికిడి ఎలా ఉంది, పదేళ్లకు ఎలా ఉంది అని పోల్చి చూసే వీలుంటుంది. కాంట్రాక్టు మనిషికి ఆ వీలు లేదు. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు. మనిషి అతనే, కొలిమి అదే, పొగ అదే, కాగితం మీద మాత్రం కొత్తగా చేరినట్టు ఉంటుంది. జూట్ మిల్లుల్లో ఎప్పటినుంచో ఉన్న బదిలీ కార్మికుడి పరిస్థితీ ఇంతే. ఎవరో నాగా పెడితేనే అతనికి ఆ పూట పని. దీనికి తోడు పరిశ్రమల ఆటుపోట్లు ఉండనే ఉన్నాయి. నెల్లిమర్ల మిల్లు ఎన్నిసార్లు లాకౌట్ అయి మళ్లీ తెరుచుకుందో జిల్లాలో చాలామందికి గుర్తే. చిట్టివలస మిల్లు 2009లో ఆగిపోయింది. ఫెర్రో అల్లాయిస్ తయారీలో అన్నిటికంటే బరువైన ఖర్చు కరెంటు కాబట్టి, చార్జీలు పెరిగినప్పుడల్లా కొలుములు ఆపేయడం ఈ ప్రాంతానికి అలవాటే. ఆగిన ప్రతిసారీ మనుషులు చెదిరిపోతారు, కొందరు వలస పోతారు, మళ్లీ కొలిమి వెలిగేసరికి కొత్త జట్టు వస్తుంది. జబ్బు బయటపడేటప్పటికి ఆ మనిషి తన ఊళ్లో, తన గడపలో ఉంటాడు. వయసు మీద పడిందనుకుంటారు. ఫ్యాక్టరీ రిజిస్టరులో ఆ జబ్బు కనపడదు. జబ్బు లేక కాదు, జబ్బుపడిన మనిషే రిజిస్టరులో లేక. పనివాళ్లను పెట్టుకునే పద్ధతి ఒక్కటే ఒక రోగాన్ని దేశం కంటికి కనపడకుండా చేయగలదు. దీన్ని మించిన రుజువు నా వాదనకు అక్కర్లేదనిపిస్తుంది, కానీ అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి ముందుకు పోవడం న్యాయం కాదు.

మొదట వినిపించే మాట: కూలీలు ఆరోగ్యం పాడుచేసుకునేది వాళ్ల అలవాట్ల వల్లే, బీడీ వల్ల, మందు వల్ల, మాస్కు ఇచ్చినా మెడలో వేలాడేసుకోవడం వల్ల. ఈ మాటకు ఎదురు నిలిచే ఆధారం ఫ్యాక్టరీ నుంచి కాక ఆఫీసు నుంచి వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం దాదాపు 18,000 మంది మగ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించింది. వాళ్లలో ఎవరూ కటిక పేదలు కారు, ఎవరూ కొలిమి దగ్గర నిలబడరు, అందరికీ ఉచిత వైద్యం ఉంది. అయినా అట్టడుగు శ్రేణి వాళ్లలో గుండె జబ్బు మరణాలు పై శ్రేణి వాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఉన్నాయి. సిగరెట్లు, రక్తపోటు, కొలెస్టరాల్ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగమే తీరింది. మైకేల్ మార్మట్ బృందం 1985లో ఆడవాళ్లను కూడా కలిపి 10,308 మందితో రెండో అధ్యయనం మొదలుపెట్టింది. తన పని మీద తనకు పట్టు లేకపోవడం, అంటే ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, ఎంత వేగంగా చేయాలి అన్న వాటిలో నోరెత్తే వీలు లేకపోవడం, గుండె జబ్బుతో ముడిపడి ఉందని అది చూపింది. స్వీడన్‌లో, అమెరికాలో పనివాళ్లను పరిశీలించిన రాబర్ట్ కరాసెక్ 1979లో ఇదే దిశగా చెప్పాడు: పని ఒత్తిడి ఎక్కువై, నిర్ణయించే అధికారం తక్కువైన ఉద్యోగమే మనిషిని అన్నిటికంటే నలిపేస్తుంది. లండన్ గుమాస్తాకు, బొబ్బిలి కొలిమి కార్మికుడికి పోలిక ఏమిటని అడగవచ్చు. పొగ, వేడి, మోత ఏవీ లేని చోట కూడా హోదా మెట్లు ఇంత పని చేస్తే, అవన్నీ ఉన్న చోట ఎంత చేస్తాయో ఊహించుకోవాల్సిందే. మాస్కు సంగతి కూడా ఇందులో భాగమే. నలభై డిగ్రీల ఎండలో, కొలిమి ముందు, ఊపిరాడని మాస్కుతో పన్నెండు గంటలు నిలబడమన్నది ఎవరు? ఆ మాస్కును ఎంచుకునేటప్పుడు పెట్టుకోబోయేవాణ్ణి అడిగింది ఎవరు?

నెమ్మదిగా వచ్చే జబ్బుల్ని వదిలి, ఒక్కరాత్రిలో జరిగే విపత్తులకు వస్తే ఉత్తరాంధ్ర దగ్గర బాధాకరమైన పాఠాలు చాలా ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉన్నప్పుడు ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కిపోవడం కారణం. నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని హై పవర్ కమిటీ అదే ఏడాది జూలైలో ఇచ్చిన నివేదిక ట్యాంకు రూపకల్పన లోపాన్ని, శీతలీకరణ చాలకపోవడాన్ని చెప్పి అంతటితో ఆగలేదు. యాజమాన్యం అలసత్వాన్ని, ఉత్పత్తి ఆగి ఉన్నప్పుడు స్టైరీన్ ఎలా ప్రవర్తిస్తుందో సిబ్బందికి తగినంత తెలియకపోవడాన్ని, అత్యవసర స్పందన పూర్తిగా కుప్పకూలడాన్ని వేలెత్తి చూపింది. సైరన్ మోగించగల చోట్లు 36 ఉన్నా సైరన్ మోగలేదు. ఈ ఒక్క వాక్యం దగ్గర ఏ మేనేజరైనా కాసేపు ఆగి ఆలోచించాలి. మీట ఉంది, తీగ ఉంది, మోగించాల్సిన మనిషి కూడా ఉన్నాడు. మోగించడం నీ బాధ్యత, మోగిస్తే నిన్నెవరూ తప్పు పట్టరు అన్న భరోసా ఆ మనిషి దాకా దిగి ఉండాలి. అది యంత్రంతో వచ్చేది కాదు. శిక్షణ, అధికారం, అలవాటు అన్నీ కలిసి ఇవ్వాల్సింది, మానవ వనరుల విభాగం అని మనం పిలిచే చోటి నుంచి రావాల్సింది.

అదే ఏడాది ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో కొత్త క్రేన్‌కు బరువు పరీక్ష చేస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. మృతుల్లో నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు, ఏడుగురు కాంట్రాక్టు సంస్థల మనుషులు. ఒకే క్రేన్ కింద రెండు మూడు సంస్థల సిబ్బంది ఉన్నప్పుడు, అందరికీ కలిపి ఆగండి అని ఒక్క మాట చెప్పే అధికారి ఎవరన్నది ముందే తేలి ఉండాలి. కాంట్రాక్టు గొలుసు పొడుగయ్యేకొద్దీ ఆ ప్రశ్న మరింత ముఖ్యమవుతుంది. అలాగని కాంట్రాక్టు పద్ధతిని తీసేస్తే అంతా బాగుపడుతుందని చెప్పలేను. ఎల్జీ పాలిమర్స్ వెనుక ప్రపంచ స్థాయి మాతృసంస్థ ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియాలో పేలుడు 17 మంది ప్రాణాలు తీసినప్పుడు పోయినవాళ్లలో చదువుకున్న యువ ఇంజినీర్లూ ఉన్నారు. ఆర్డరు ఎవరిదైనా, జీతం ఎవరిచ్చినా, ప్రమాదాన్ని ముందు చూసే కళ్లు కింద ఉన్నవాడివి, ఆపే అధికారం పైనున్నవాడిది అయినప్పుడు ఆ రెంటినీ కలిపే దారి పొట్టిగా ఉండాలి. అసలు విషయం ఇది.

ఆ దారిని పొడుగు చేసే ఏర్పాట్లు మన ఫ్యాక్టరీల్లో ఎన్నో. సేఫ్టీ ఆఫీసరు నేరుగా ఫ్యాక్టరీ ముఖ్య అధికారి కింద పనిచేయాలని నమూనా నిబంధనల్లోనే ఉంది. ప్రొడక్షన్ మేనేజర్ కింద పెడితే, టన్నుల లక్ష్యం తప్పినందుకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషినే పని ఆపమని అడగాల్సి వస్తుంది. గేటు దగ్గర ఇన్ని రోజులుగా ప్రమాదం లేదని అంకెలు మార్చే బోర్డు పెట్టి, ఆ అంకె పెరిగితే బహుమతి ఇచ్చే చోట వేలు తెగినవాడు జేబులో చెయ్యి పెట్టుకుని ఇంటికి పోతాడు, ఎందుకంటే చెబితే తోటివాళ్లందరి బహుమతీ పోతుంది. నెలంతా ఒక్క నాగా లేకపోతేనే హాజరు బోనస్ అన్న చోట జ్వరంతోనే మిల్లుకు వస్తారు. ఈ మూడింట్లో ఏ ఒక్కదానిలోనూ ఎవరి దుర్బుద్ధీ ఉండనక్కర్లేదు. కాగితం మీద మంచి ఉద్దేశంతో రాసిన నియమాలే. అందుకే ఇవి ఎక్కువకాలం సాగిపోతాయి. సూపర్‌వైజర్ నోటి దురుసుతనం, ఎప్పుడు తీసేస్తారో తెలియని భయం కలిసి మనసుకు చేసే హాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ. కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక పనిగంటలు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 గంటల నుంచి 144కి పెంచింది. వారానికి 48 గంటలన్న నియమం మారలేదు కాబట్టి నష్టమేమీ లేదన్నారు. లెక్క వేసి చూద్దాం. మూడు నెలలంటే 13 వారాలు. పాత పరిమితి ప్రకారం ఓవర్‌టైమ్ మొత్తం వాడుకున్నా వారానికి ఆరు గంటల లోపే, 48తో కలిపి 54 దాటదు. కొత్త పరిమితి ప్రకారం వారానికి 11 గంటలు, కలిపితే 59. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లను 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోల్చింది. పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని తేల్చింది. 2016 ఒక్క ఏడాదిలో ఇలాంటి మరణాలు 7,45,000 అని లెక్కగట్టింది. అంటే మన పాత చట్టం, తెలిసో తెలియకో, ఆ గీతకు ఇవతల ఆగింది. కొత్తది దాటింది. ఓవర్‌టైమ్ కార్మికులే కోరుకుంటారు, రెట్టింపు కూలి వస్తుంది కదా అంటారు. నిజమే, కోరుకుంటారు. ఎనిమిది గంటల కూలితో ఇల్లు గడవనప్పుడు ఎవరైనా కోరుకుంటారు. దాన్ని ఇష్టమని పిలవాలంటే, ఆ ఎనిమిది గంటల కూలి ముందు ఇంటి ఖర్చుకు సరిపోయేదై ఉండాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇవన్నీ పెద్ద కంపెనీల ముచ్చట్లు, వెనకబడిన ఉత్తరాంధ్రలో ఉన్న కొద్ది పరిశ్రమల నెత్తిన ఇవన్నీ రుద్దితే తాళం వేసుకుని పోతాయి, జనం మళ్లీ రైలెక్కి వలస పోతారు అని. వలస బాధ తెలిసిన జిల్లాలో ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ నేను చెబుతున్న మార్పుల్లో చాలావాటికి డబ్బు ఖర్చు తక్కువ. సేఫ్టీ ఆఫీసరు ఎవరికి జవాబు చెప్పాలో మార్చడానికి ఒక ఆఫీసు ఉత్తర్వు చాలు. అమెరికా అల్యూమినియం కంపెనీ అల్కోవాకు 1987లో అధిపతిగా వచ్చిన పాల్ ఓనీల్ ఇలాంటి నియమం ఒకటి పెట్టాడు: ఎక్కడ ఎవరికి గాయమైనా ఆ విభాగం అధిపతి 24 గంటల్లో తనకు చెప్పాలి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలి. అంత త్వరగా చెప్పాలంటే కొలిమి దగ్గరి మనిషి మాట మెట్టు మెట్టుగా ఎక్కకుండా నేరుగా పైకి రావాలి. వచ్చే దారి ఏర్పడ్డాక గాయాల కబుర్లతో పాటు యంత్రాల లోపాలు, వృథా, కొత్త ఆలోచనలు కూడా అదే దారిన వచ్చాయి. 2000లో అతను దిగిపోయేనాటికి గాయాల వల్ల పోయే పనిదినాల రేటు వంద మందికి 1.86 నుంచి 0.2కి తగ్గింది, కంపెనీ వార్షిక నికర ఆదాయం దాదాపు ఐదు రెట్లయింది. లాభానికి వేరే కారణాలూ ఉండి ఉంటాయి. భద్రత కంపెనీని ముంచుతుందన్న మాట మాత్రం అక్కడ నిలబడలేదు. నిజంగా ఖర్చయ్యే పనులు ఉన్నాయి, వినికిడి పరీక్షలు, ఊపిరితిత్తుల పరీక్షలు, వృత్తిజబ్బులు తెలిసిన డాక్టరు. ఒక్కో చిన్న యూనిట్ ఒంటరిగా భరించలేకపోవచ్చు. ఒకే గ్రోత్ సెంటర్‌లో రోడ్డు, నీళ్లు, కరెంటు ఉమ్మడిగా పంచుకుంటున్న యూనిట్లు ఒక వృత్తి ఆరోగ్య కేంద్రాన్ని పంచుకోలేవా? కార్మికుడు ఏ కాంట్రాక్టరు కిందికి మారినా అతని ఆరోగ్య రికార్డు ఆ కేంద్రంలోనే ఉంటుంది. తెగిపోయిన లెక్క అక్కడ అతుకుతుంది. ఏపీఐఐసీ తలచుకుంటే బొబ్బిలిలోనే మొదలుపెట్టవచ్చు.

చట్టం ఇటీవల మారింది. 2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి అమలులోకి వచ్చింది. ఇందులో నాకు మంచిగా కనిపించేవీ, భయం కలిగించేవీ రెండూ ఉన్నాయి. కాంట్రాక్టు కార్మికుల రక్షణలు ఇంతకు ముందు 20 మంది ఉన్న చోట నుంచి వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉంటేనే వర్తిస్తాయి. చిన్న చోట్ల, చిన్న కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లు ఆ గొడుగు బయట పడతారు. చిన్న యూనిట్లు ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు, రాష్ట్ర ప్రభుత్వం దీన్ని గమనించాలి. మరోవైపు, స్మృతి వర్తించే చోట కాంట్రాక్టు కార్మికులకు మరుగుదొడ్లు, విశ్రాంతి గది, క్యాంటీన్ వంటి సౌకర్యాల బాధ్యతను కాంట్రాక్టరు మీదికి నెట్టకుండా అసలు యజమానికే అప్పగించింది. నిర్ణీత వయసు దాటినవాళ్లకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలంది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలంది. ఈ చివరిదాన్ని చాలామంది మామూలు కాగితంగా చూస్తారు. మాంగనీస్ కొలిమి దగ్గర ఏళ్లు గడిపినవాడు రేపు పరిహారం అడగాలంటే, తాను అక్కడ పనిచేశానని చూపడానికి ముందుగా పనికొచ్చేది అదే. మీ ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీకి, మిల్లుకు వెళుతుంటే ఈ వారమే అడగండి, నియామక పత్రం ఇచ్చారా అని. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగమనండి. ఇస్తే అందులో ఏ ఫ్యాక్టరీ, ఏ పని అన్నది స్పష్టంగా ఉందో లేదో చూసి, ఆరోగ్య పరీక్షల కాగితాలతో కలిపి రేషన్ కార్డుతో పాటు భద్రంగా దాచండి.